సెల్లారు గోడకు జెల్ ఇంజెక్షన్: ఐదుకు మూడున్నర

మణికొండలో మా అపార్ట్‌మెంట్ సెల్లారు రాతిని తొలిచి కట్టింది. వాన పట్టిందంటే గ్రానైటు పగుళ్ల వెంట దిగిన నీరు రిటైనింగ్ గోడ వెనక చేరి లిఫ్ట్ గుంతలోకి ఊరేది. సిమెంటు పూతలు, తారు పూతలు అన్నీ అయ్యాయి. లోపలి వైపు ఎంత పూసినా వెనక నుంచి తోసే నీరు దాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది. చివరికి సంఘం వారు కూకట్‌పల్లిలోని ఒక సంస్థకు యాక్రిలిక్ జెల్ ఇంజెక్షన్, అంటే గోడకు రంధ్రాలు వేసి లోపల గడ్డకట్టే ద్రవాన్ని ఎక్కించే పని అప్పగించారు. ఉద్యోగమంతా చమురు బావుల్లో నీటిని కట్టే జెల్‌లతో గడిపినవాణ్ణి కాబట్టి దగ్గరుండి చూసే పని నా మీద పడింది.

ముందు మెచ్చుకోవలసింది చెబుతాను. పంపు తిప్పే ముందు ఆ సంస్థ కుర్రాడు రెండు డబ్బాల ద్రవాలనూ కాగితపు టీ కప్పులో కలిపి ఫోనులో సెకన్లు చూశాడు. నీళ్లంత పల్చగా ఉన్నది ఉన్నట్టుండి చిక్కబడి, కలిపే పుల్ల నిటారుగా నిలబడిపోయింది. కప్పు బోర్లించి చూశాను, జారలేదు. నీరు జోరుగా వస్తున్న చోట వెంటనే గడ్డకట్టేలా, సన్నని పగుళ్ల దగ్గర కాస్త ఆగి గట్టిపడేలా, గడ్డకట్టించే రసాయనమైన పెర్సల్ఫేటు పాళ్లు మార్చుకున్నాడు. "ఇది ఎవరు నేర్పారు బాబూ?" అని అడిగితే, "ఎవరూ నేర్పలేదు సార్. ఒకసారి గొట్టంలోనే గట్టిపడి పంపు పోయింది, అప్పటి నుంచి ఇలా చూసుకుంటున్నాను" అన్నాడు.

మా ప్రయోగశాలలో ఇదే పని సీసాలతో చేసేవాళ్లం. 1980లలో అమెరికాలోని మారథాన్ ఆయిల్ పరిశోధకులు పాలీయాక్రిలమైడ్ అనే పాలిమరు (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) గొలుసులను క్రోమియం అసిటేటుతో ముడివేసే జెల్‌ను తెచ్చారు. దాని గట్టిదనాన్ని సీసా బోర్లించి చూసి ఏ నుంచి జే వరకు అక్షరాల్లో రాస్తారు. ఏ అంటే జెల్ ఆనవాలే లేదు. జే అంటే సీసాను తడితే లోపలిది కంపించి మోగుతుంది. కప్పులో ఉన్నది జే కాదు గానీ, గోడకు అంత అవసరమూ లేదు.

రెండింటికీ తేడా ఉంది. బావిలోకి పంపేది ముందే తయారైన పొడవాటి పాలిమరు. తూకంలో ఒక శాతం లోపే ఉన్నా చిక్కగా ఉంటుంది, అందుకే బిగువైన రాతిలోకి చొరబడకుండా పెద్ద పగుళ్లనే పట్టుకుంటుంది. అక్కడ జెల్ నీటిని అడ్డుకున్నంతగా చమురును అడ్డుకోదు, దాని విలువంతా అందులోనే ఉంది. గోడలోకి పంపేది ఇంకా పాలిమరు కాని ముడిద్రవం. వెంట్రుకవాసి పగుల్లోకీ దూరి అక్కడే జెల్ అవుతుంది.

ఇక మార్కులు ఎక్కడ తగ్గించానంటే, నీరు ఎక్కడిదో అడగకుండానే డ్రిల్లు తీశారు. పుండు ఎక్కడో చూడకుండా ఒళ్లంతా మందు రాసే పద్ధతి ఇది. చమురు బావిలో సగం ఖర్చు నీటి జాడ పట్టడానికే పోయినా ఎవరూ నొచ్చుకోరు. ఇక్కడ నేనే ఇంట్లోని టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు చూపేది) తెచ్చి ఊటనీటిని, బోరునీటిని, సంపులోని నల్లా నీటిని కొలిచాను. ఊట అంకె బోరు పక్కన నిలిచింది, క్లోరిన్ జాడ కూడా లేదు. అంటే సంపు కారడం లేదు, అది భూగర్భ జలమే. దాంతో సంపు వైపు గోడకు వేయబోయిన వరస రంధ్రాలు తప్పాయి.

పంపు మీద పీడనం చూపే ముల్లు సున్నా దగ్గరే ఇరుక్కుపోయి ఉంది. పీడనం పెరుగుతోందా లేదా అన్నదే జెల్ నిండుతోందో మట్టిలోకి కొట్టుకుపోతోందో చెప్పే గుర్తు. పైగా బిల్లు కిలోల లెక్కన! మరమ్మతుకు పురమాయించాను, మరో పంపు తెచ్చాక పని సాగింది.

రసాయన భద్రతా పత్రం అడిగితే ముఖం చిట్లించారు గానీ, సాయంత్రానికి ఫోనులో పంపారు. యాక్రిలమైడ్ లేదని చూసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను. గట్టిపడిన పాలిమరుతో పేచీ లేదు, గట్టిపడని యాక్రిలమైడ్ నరాలకు విషం. 1997లో స్వీడన్‌లోని హాలాండ్‌సోస్ రైలు సొరంగంలో ఇలాంటి పూడిక రసాయనం నీటిలో కలిసి చేపలు చచ్చాయి, ఆవులు జబ్బుపడ్డాయి, పని ఆగిపోయింది. మీ సెల్లారు పక్కన బోరు ఉంటే ఈ పత్రం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఈ వానల్లో గోడ పొడిగానే నిలిచింది. లిఫ్ట్ మెకానిక్ చెప్పులు తడవకుండా గుంతలోకి దిగి వచ్చాడు. వేసవి సంగతి వేరు. ఈ జెల్ తడి ఉన్నంతకాలం ఉబ్బి ఉంటుంది, ఆరితే కుంచించుకుపోతుంది, మళ్లీ నీరు తగిలితే ఉబ్బుతుంది. గ్యారంటీ కాగితంలో దాని ఊసే లేదు, ఆ వాక్యం రాయించమని మా కార్యదర్శి పట్టుబట్టారు. ప్యాకర్లు (జెల్ ఎక్కించడానికి గోడలో బిగించిన గొట్టాలు) తీసిన రంధ్రాల్లో కొన్ని ఇంకా సిమెంటు పెట్టకుండా వదిలేశారు. అవి పూడ్చి, ఆ వాక్యం రాసిచ్చాకే మిగతా డబ్బు.