ప్రకృతి వైద్యం వైపు వెళ్లాలంటే: బీఎన్‌వైఎస్సా, యోగా థెరపీయా, థెరపిస్ట్ కోర్సా?

బెంగళూరు, చెన్నై తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఎక్కువగా ఇద్దరి నుంచి వస్తుంది. ఒకరు బైపీసీ ముగించి, నీట్ ర్యాంకు కలిసిరాక మరో దారి చూస్తున్న పిల్లలు. ఇంకొకరు ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి యోగా వైపు మళ్లినవాళ్లు. కోర్సులో ఏం నేర్పుతారన్నది ఇద్దరూ అడుగుతారు గానీ, అసలు తేడా అక్కడ లేదు. రేపు రోగి కేస్ షీట్ మీద సంతకం పెట్టే అధికారం ఎవరికి ఉంటుందన్నది ముందు చూసుకోవాలి.

ఆ అధికారం కావాలంటే బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగాలలో డిగ్రీ, ఒక్కటే దారి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం అయిదున్నరేళ్లు. మొదట అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఆ తర్వాత పాథాలజీ, మైక్రోబయాలజీ చదవాలి. జలచికిత్స, ఉపవాస చికిత్స, మర్దన, ఆక్యుపంక్చర్ వీటి మీదే నిలబడతాయి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండి తీరాలి కాబట్టి ఎంపీసీ వాళ్లకు ఈ తలుపు మూసినట్టే. కర్ణాటకలో ప్రవేశాలు కేసీఈటీ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా, తమిళనాడులో ప్లస్ టూ మార్కుల మీద జరుగుతూ వచ్చాయి. ఏటా ప్రాస్పెక్టస్ చూసుకోవడం మంచిది.

మనవాళ్లు తప్పటడుగు వేసేది స్థానికత దగ్గర. కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీటుకు ప్రధాన నియమం ఒకటో తరగతి నుంచి పీయూసీ (మన ఇంటర్) లోపు కనీసం ఏడేళ్లు ఆ రాష్ట్రంలో చదివి ఉండటం. తల్లిదండ్రులు బెంగళూరులో ఉంటూ పిల్లల్ని విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివిస్తే, ఆ రెండేళ్లు ఇక్కడి లెక్కలోకి రావు. చెన్నై అరుంబాక్కంలోని ప్రభుత్వ యోగా, ప్రకృతి వైద్య కళాశాలకు ప్రయత్నించేవాళ్లు నేటివిటీ సర్టిఫికెట్ సంగతి ముందే తేల్చుకోవాలి. ఇంకో మాట, వార్డులో రోగులు కన్నడమో తమిళమో మాట్లాడతారు. వాళ్ల మాట అర్థం కాకపోతే కేస్ హిస్టరీ రాయడం కుదరదు.

అయిదున్నరేళ్లు దేనికంటారా? వేడి పాదస్నానం తీసుకోండి. నీళ్లు 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్, సమయం పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ముందు ఒక గ్లాసు నీళ్లు తాగించి, తల మీద చల్లటి తడిబట్ట వేసి, చివర్లో పాదాల మీద చల్లనీళ్లు పోస్తారు. ఇది ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకోగలరు. కానీ మధుమేహం ముదిరి పాదాల స్పర్శ పోయినవాళ్లకు ఇదే చికిత్స చేస్తే చర్మం కాలి బొబ్బలెక్కేదాకా వాళ్లకు తెలియదు. ఉపవాసం ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడే మనిషిని నిమ్మరసం మీద ఉంచి, మందుల మోతాదు సర్దకపోతే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. మోతాదు మార్చాల్సింది ఆ మందు రాసిన డాక్టర్, ఆయనకు ఫోన్ చేయాలని తెలుసుకోవాల్సింది ప్రకృతి వైద్యుడు. అల్లోపతి మందులు రాసే హక్కు ఈ డిగ్రీతో రాదు.

యోగా థెరపీ దారి వేరు. బెంగళూరు శివార్లలో జిగణి దగ్గరి ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం లాంటి చోట రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షల్లో బోధనకు, థెరపీకి వేర్వేరు స్థాయిలున్నాయి. నడివయసులో వృత్తి మార్చుకునేవాళ్లకు మా ఓటు దీనికే. డాక్టర్ రాసిన కేసుకు ఆసనాలు, ప్రాణాయామం రోగికి తగ్గట్టు కుదర్చడం వీళ్ల పని. రోగ నిర్ధారణ వీళ్ల పరిధి కాదు.

త్వరగా సంపాదన మొదలవ్వాలంటే ఏడాది థెరపిస్ట్ కోర్సు ఉంది. పుణెలోని జాతీయ ప్రకృతి వైద్య సంస్థ ఇలాంటిది నడుపుతుంది. మట్టిపట్టీ అంగుళం మందంలో పొట్ట మీద వేసి ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచడం, టబ్ నీటి వేడి థర్మామీటర్‌తో చూడటం, మర్దన, ఎనిమా వంటి చేతిపనులు వస్తాయి. బెంగళూరు చుట్టూ ప్రకృతి చికిత్సాలయాలు ఉండటం వీళ్లకు కలిసొచ్చే విషయం. రోజంతా నిలబడి చేసే పని, నడుము గట్టిగా ఉండాలి.

దూరవిద్య డిప్లొమాతో పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చని చెప్పే ప్రకటనల జోలికి మాత్రం పోకండి. 2020 నాటి భారతీయ వైద్య పద్ధతుల చట్టం ఆయుర్వేదం, యునాని, సిద్ధ, సోవా-రిగ్పా (టిబెటన్ వైద్యం)లకే వర్తిస్తుంది. ప్రకృతి వైద్యానికి అలాంటి కేంద్ర మండలి లేదు, కాబట్టి రిజిస్ట్రేషన్ రాష్ట్రాల చేతుల్లో ఉంది. కర్ణాటకలో దానికి 1961 నాటి చట్టం ఆధారం. డబ్బు కట్టే ముందు మూడు పనులు చేయండి. కాలేజీ పేరు కర్ణాటకలోనైతే రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం జాబితాలో, చెన్నై వైపైతే ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం జాబితాలో ఉందేమో చూడండి. నిరుడు బయటికొచ్చిన బ్యాచ్‌లో ఒకరి రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. చివరగా, ఏదైనా ఒక మామూలు రోజున ఉదయం తొమ్మిదింటికి కాలేజీ ఆసుపత్రికి చెప్పకుండా వెళ్లి, ఓపీలో ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టండి.