మారు అన్నం అడిగితే మొహం చిట్లించని మెస్

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందులో ఉంది. ఆరే బల్లలు. మా మేనల్లుడు కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతూ రోజూ తెల్లవారుజామునే పరుగుకి వెళ్తాడు. ఆరడుగుల మనిషి, ఆకలీ అలాంటిదే. నెల రోజులుగా వాడి మధ్యాహ్నం భోజనం ఇక్కడే. వీలున్నప్పుడు నేనూ వెళ్తున్నాను.

అంతకుముందు వేరేచోట నెల టోకెన్లు కొన్నాం. మూడోసారి అన్నం అడిగితే వడ్డించేవాడు అందరి ముందూ "కడుపా, చెరువా?" అన్నాడట. ఆ తర్వాత మావాడు వారం రోజులు అర్ధాకలితోనే లేచి వచ్చేశాడు.

నేను తెలుగు టీచర్ని, ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. తినడం ఒక్కటే పని. గౌరవం ఉంటే ఆరగించాడంటాం, ఇష్టం ఉంటే సుష్టుగా తిన్నాడంటాం, ఏదీ లేకపోతే మెక్కాడంటాం. భారీ మనిషి నచ్చితే ఆజానుబాహువు, నచ్చకపోతే దున్నపోతు. భీముడికి వృకోదరుడని పేరు, అంటే తోడేలు కడుపువాడు. అయినా ఏకచక్రపురంలో కుంతి భిక్షలో సగం అతనికే పెట్టింది. మిగతా సగం ఆవిడా, నలుగురు కొడుకులూ పంచుకున్నారు. బకాసురుణ్ణి చంపింది ఆ సగం తిన్న కొడుకే కదా! కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరు పెట్టుకున్న స్టేడియం ఉన్న ఊళ్లో, పిల్లాడి ఆకలిని వెక్కిరించడం ఏమిటి?

ఈ మెస్‌లో వడ్డించే పెద్దావిడ అడక్కముందే అన్నం బేసిన్‌తో వస్తుంది. "తిను నాయనా, ఎదిగే గుంటడివి" అంటూ పప్పు మీద పప్పు వేస్తుంది. భోజనం 100 రూపాయలు, మారుకి లెక్క లేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉన్న రోజు తప్పకుండా వెళ్లండి, ఆవఘాటు ముక్కుకి తగులుతుంది. బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు మా అమ్మ చేసినట్టే ఉంది. పెరుగు మాత్రం పల్చన, అది మార్చుకోవాలి. ఒంటిగంట దాటితే కూర అయిపోతుంది, పన్నెండున్నరకల్లా కూర్చోవాలి.

మొన్న నాలుగో మారుకి మావాడే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు పెద్దమ్మా, కడుపు నిండిపోయింది" అన్నాడు. ఆవిడ మజ్జిగ పోసి గానీ లేవనివ్వలేదు.