కొబ్బరి పీచు పరుపు: మా వారి గురకను లెక్కలోకి తీసుకోకండి

భీమవరంలో కొన్న కొబ్బరి పీచు పరుపు ఎలా ఉందని అడుగుతున్నవారందరికీ ఒకేసారి చెబుతున్నాను. పరుపు బాగుంది. దుకాణంలో దాన్ని అంటగట్టాలని చూసిన తీరే నాకు నచ్చలేదు.

మాకు కాళ్ల మండలంలో రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కరెంటు పోతే వెంటనే జనరేటరు వేసి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పాలి కాబట్టి మా వారు చాలా రాత్రులు గట్టు మీదే గడుపుతారు. అలా జాగారం చేసి వచ్చిన మనిషిని "ఒక్క ఐదు నిమిషాలు పడుకుని చూడండి సార్" అన్నాడు దుకాణదారు. టీ వచ్చేలోపే గురక మొదలైంది. "చూశారా మేడమ్, అదీ మా పరుపు!" అని నా వైపు తిరిగాడు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సుకా ఈ మాట చెప్పడం? ఆ పూట ఆయన సిమెంటు అరుగు మీదైనా అలాగే పడుకునేవారు.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగినకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. టీలోని కెఫీన్ దాని పనిని కాసేపు అడ్డుకుంటుంది గానీ, ఉన్న అడెనోసిన్‌ను తీసేయదు. నిద్ర కరువైన మనిషి పడుకోగానే తేలిక దశలను చకచకా దాటి గాఢనిద్రలోకి దిగిపోతాడు. ఆ తర్వాతి నిద్రలోనూ ముందుగా భర్తీ అయ్యేది గాఢనిద్రే, కలల నిద్ర వంతు ఆ తర్వాత. 1964 జనవరిలో ముగిసిన ఒక ప్రయోగంలో రాండీ గార్డ్‌నర్ అనే అమెరికా విద్యార్థి 264 గంటలు మేలుకున్నాడు. అయినా ఆ వెంటనే పడుకున్నది సుమారు 14 గంటలే. పగటిపూట ఐదు నిమిషాలలోపే నిద్ర పడితే, నిద్ర పరీక్షల్లో దాన్ని తీవ్రమైన నిద్రమత్తుగా లెక్కిస్తారు. దుకాణంలో మాత్రం అదే పరుపు గొప్పతనమైపోయింది! మా వారిని తట్టి లేపితే "జనరేటరు వేశారా?" అన్నారు. గాఢనిద్రలోంచి లేపితే ఎవరికైనా కాసేపు ఆ అయోమయం తప్పదు.

అందుకే సెలవు రోజు, రాత్రి నిండా నిద్రపోయి, ఉదయం నేను వెళ్లి పడుకున్నాను. నిద్ర రాని ఒంటికే పరుపు సంగతి తెలుస్తుంది. ఉత్త పీచు రకం మీద నడుము కుంగలేదు, పక్కకు తిరిగితే మాత్రం భుజం నొక్కుకుంది. పైన ఒక అంగుళం ఫోమ్ ఉన్న రకం తీసుకున్నాను. ఫోమ్ కాస్త వేడి పట్టి ఉంచుతుంది గానీ, కింద పీచులోంచి గాలి ఆడుతుంది కనుక మన ఉక్కపోతకు పూర్తి ఫోమ్ పరుపు కంటే ఇదే నయం. నవారు మంచం మీద వేయకండి, మధ్యలో వంగిపోతుంది. చెక్క పలకల మంచం ఉండాలి. దూది పరుపులా మిట్టమధ్యాహ్నం ఎండలో పడేయకూడదు, పీచును పట్టి ఉంచే రబ్బరు పెళుసెక్కుతుంది. ముసురు పట్టిన రోజుల్లో గోడకు నిలబెట్టి ఫ్యాను వేస్తే చాలు.

పరుపుకు ఐదుకు నాలుగు. ఉచితమని ఇచ్చిన దిండ్లు అప్పుడే ఉండలు కట్టాయి, వాటికి ఒకటి. ఆటో కిరాయి ఎవరిదో బిల్లు రాయకముందే తేల్చుకోండి, మా దగ్గర చివర్లో కలిపారు.