భాషా కేంద్రమా, స్కాలర్‌షిప్పా: దేశానికి ఏది మేలు?

సివిల్స్‌కు చదివే పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. పరాయి దేశంలో పలుకుబడి పెరగాలంటే అక్కడికి వెళ్లి మన భాష నేర్పాలా, అక్కడి పిల్లల్ని ఇక్కడికి రప్పించి చదివించాలా?

భాష నేర్పే దారి పాతదే. ఫ్రాన్స్ 1883లోనే అలయన్స్ ఫ్రాన్సేజ్ పెట్టింది. జర్మనీ వాళ్ల గోథే ఇన్‌స్టిట్యూట్ 1951లో వచ్చింది, మన దగ్గర మాక్స్‌ముల్లర్ భవన్ అంటే అదే. ఫీజులు వస్తాయి, ఎక్కువమందికి అందుతుంది. చైనా 2004లో సియోల్‌లో మొదలుపెట్టి కన్‌ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లను ప్రపంచమంతా తెరిచింది. అయితే వాటిని ఎక్కువగా విదేశీ యూనివర్సిటీల లోపలే పెట్టింది. పాఠాల మీద పెత్తనం ఎవరిదన్న గొడవ అక్కడే మొదలైంది. 2014లో షికాగో యూనివర్సిటీ తప్పుకుంది, ఆ తర్వాత అమెరికాలో చాలావరకు మూతపడ్డాయి. ఒకసారి అనుమానం పుట్టాక ఎంత బాగా నేర్పినా నమ్మరు.

సినిమాలు, పాటలు, యోగా ఇష్టాన్ని పెంచుతాయి, కాదనను. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా కొనుక్కుని చదివిన తరం మనకు ఉంది. సోవియట్ యూనియన్ పోయాక అవీ ఆగిపోయాయి.

నా మొగ్గు స్కాలర్‌షిప్ వైపే. భాష క్లాసు వారానికి కొన్ని గంటలు. ఇక్కడ డిగ్రీ చదివే విద్యార్థి మూడేళ్లు మన మెస్సులో తింటాడు, మన బస్సులెక్కుతాడు, మనతో పోట్లాడతాడు, కలిసిపోతాడు. సిమ్లాలో చదువుకున్న హమీద్ కర్జాయ్ అఫ్గానిస్తాన్ అధ్యక్షుడయ్యాక కూడా హిందీ మాట్లాడేవారు. విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే మన ప్రభుత్వ సంస్థ ఐసీసీఆర్ 1950 నుంచి, విదేశాలవాళ్లకు ఇక్కడ శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకం 1964 నుంచి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూకు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి ఎన్నో దేశాలవాళ్లు వస్తారు.

కానీ వాళ్ల ఫీజు మనం కట్టినంత మాత్రాన మనకు అసలు పరీక్ష అయిపోదు. ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రాడికి రంగు చూసి ఇల్లు అద్దెకివ్వకపోతే, అతను ఇంటికి తీసుకెళ్లేది ఆ అవమానమే. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చాక, అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలను మన ప్రభుత్వం రద్దు చేసింది. ఊరెళ్లి అక్కడే చిక్కుకుపోయిన విద్యార్థుల చదువు మధ్యలో ఆగింది. మనల్ని నమ్మి వచ్చిన పిల్లలు వాళ్లు. కొత్త స్కాలర్‌షిప్పులు ప్రకటించేముందు వాళ్లకు వీసా ఇచ్చి, మిగిలిన సెమిస్టర్లు పూర్తి చేయించాల్సింది.