మెట్ క్లాయిస్టర్స్: న్యూయార్క్‌లో రోమనెస్క్ శిల్పం

మన్‌హాటన్ ఉత్తర కొసన, ఫోర్ట్ ట్రయాన్ పార్కు గుట్ట మీదున్న మెట్ క్లాయిస్టర్స్ చూపులకు పాత క్రైస్తవ మఠంలా ఉన్నా, నిజానికి 1938లో తెరిచిన మ్యూజియం. శిల్పి జార్జ్ గ్రే బార్నార్డ్ ఫ్రాన్స్‌లో సేకరించిన మధ్యయుగపు రాళ్లను అమెరికా సంపన్నుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ సొమ్ముతో 1925లో మెట్రోపాలిటన్ మ్యూజియం కొన్నది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించి అలంపురంలో తిరిగి నిలబెట్టిన కూడలి సంగమేశ్వరాలయం ఒకే గుడిగా మిగిలింది. ఇక్కడ మాత్రం వేర్వేరు ఊళ్ల మఠాల, చర్చిల భాగాలను కొత్త గోడల్లో ఇమిడ్చారు. అందుచేత రోమనెస్క్ (గుండ్రని కమానులు, మందపాటి గోడలుండే 11–12 శతాబ్దాల ఐరోపా కట్టడ శైలి) చర్చి మొత్తంగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఈ చోటు చాలదు. శిల్పాన్ని దగ్గర నుంచి చదవాలనుకునేవారికి మాత్రం అమెరికాలో ఇంతకన్నా మంచి చోటును నేను చెప్పలేను.

ముందుగా ఫ్వెంటిడ్వేన్యా మందిరం చూడాలి. స్పెయిన్‌లోని సెగోవియా ప్రాంతపు సాన్ మార్తీన్ చర్చిలో బలిపీఠం ఉండే అర్ధవృత్తాకార భాగాన్ని సుమారు 3,300 రాళ్లుగా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. రాతి కప్పు బరువు గోడలను బయటికి నెట్టకుండా ఉండాలంటే గోడ మందంగా, కిటికీ చిన్నదిగా ఉండక తప్పదు. బయట సన్నని చీలికలా మొదలై లోపలికి వెడల్పవుతూ వచ్చే మూడు కిటికీలను చూస్తే ఈ సూత్రం వివరణ అక్కరలేకుండానే అర్థమవుతుంది. కమాను కింది స్తంభశీర్షాల్లో ఒకదానిపై బాలయేసును దర్శించుకునే జ్ఞానులు, రెండోదానిపై సింహాల గుహలో దానియేలు ఉన్నారు. పైనున్న కుడ్యచిత్రం మాత్రం ఆ చర్చిది కాదు, పిరెనీస్ కొండల్లోని త్రెదోస్ నుంచి వచ్చింది. చూడముచ్చటగానే ఉంది కానీ, ఇలాంటి జోడింపులు నాకు అంతగా రుచించవు.

అసలు సంపద క్యూషా ప్రాంగణంలో ఉంది. 878లో స్థాపితమైన ఫ్రాన్స్ దేశపు సాన్ మిషెల్ ద క్యూషా మఠానికి 12వ శతాబ్దంలో కట్టిన వసారాల గులాబీరంగు పాలరాతి స్తంభాలివి. శీర్షాలు కంటికి కాస్త పైన మాత్రమే ఉండడంతో ఉలి పనితనమంతా కనబడుతుంది. మూలన ఒకే సింహపు తల, దానికి ఇరుపక్కలా సాగే రెండు దేహాలు. రాతి అంచును శిల్పి ఎంత లాఘవంగా వాడుకున్నాడో చూడండి. బైబిలు కథల కన్నా ఈ వింత మృగాలే ఇక్కడ ఎక్కువ. సన్యాసులు గ్రంథాలు వదిలి ఇలాంటి పాలరాతి బొమ్మలనే చదువుతున్నారని అదే శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ విసుక్కున్నాడు. ఈ వసారాలో నిలబడితే ఆ సన్యాసుల తప్పేమీ కనిపించదు. కొన్ని భాగాలు కొత్త పాలరాతితో పూరించినవే కనుక, ప్రతి రాయీ పాతదేనని భావించకూడదు.

మరో ఫ్రెంచ్ మఠం నుంచి వచ్చిన సాన్ గిలెమ్ ప్రాంగణంలో బరమాతో తొలిచిన ఆకుల అల్లికలు ఓపికగా చూడదగినవి. ఓతాం చర్చి ద్వారంపై ఉన్న అంతిమ తీర్పు వంటి మహాశిల్పఫలకం కోసం మాత్రం ఫ్రాన్స్ వెళ్లాల్సిందే.

‘A’ సబ్‌వే రైలెక్కి 190వ వీధి స్టేషన్‌లో దిగి, లిఫ్టులో పైకి వచ్చి, పార్కు గుండా కొద్దిసేపు నడిస్తే చాలు. బుధవారం సెలవు. చలికాలంలో క్యూషా కమానులకు అద్దాలు బిగిస్తారు కాబట్టి, తోటతో సహా చూడాలంటే వసంతం నుంచి శరత్తు వరకూ వెళ్లడం మేలు.