బ్యాగు బాగానే ఉంది, మీద పేరే వాళ్లది కాదు

హన్మకొండ చౌరస్తా దగ్గరున్న ఒక బ్యాగుల షాపు గురించి ఇది, పేరు రాయడం లేదు. బతుకమ్మ పండుగకు మా చెల్లెలి కోసం అక్కడ ఒక హ్యాండ్‌బ్యాగు కొన్నాను, 2,400 రూపాయలు. మంచి పేరున్న కంపెనీది, షోరూంలో ఆరేడు వేలు ఉంటుంది, ఇంత తక్కువకు ఎట్లా ఇస్తున్నారన్నా అంటే "స్టాక్ క్లియరెన్స్ అక్కా, పక్కా ఒరిజినల్" అన్నాడు. నమ్మాను. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద ధర రాసిచ్చాడు, నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

సద్దుల బతుకమ్మ నాడే జిప్పు ఊడింది. వారంటీ ఉంటుంది కదా అని హైదరాబాద్ వెళ్లినప్పుడు కంపెనీ షోరూంలో చూపిస్తే, అక్కడి అమ్మాయి లోపలి కుట్టు చూసి, లోగో మీద వేలు పెట్టి చూసి, ఇది మాది కాదండి అనేసింది. చుట్టూ వేరే కస్టమర్లున్నారు. మా చెల్లెలి ముఖం చిన్నబోయింది, డబ్బు పోయినదానికన్నా నాకు అదే ఎక్కువ బాధ.

తిరిగి షాపుకు వెళ్తే మాట మారింది. "ఫస్ట్ కాపీ అక్కా, అందరూ అమ్ముతున్నదే, తప్పేముంది?" తప్పే. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 29 ప్రకారం, రిజిస్టరైన పేరును, లోగోను అనుమతి లేకుండా అదే రకం వస్తువు మీద వేస్తే ఉల్లంఘన, ఒక అక్షరం అటూ ఇటూ మార్చి కొనేవాళ్లు పొరబడేలా చేసినా అంతే. తెలిసి అమ్మినవాళ్లకు కూడా సెక్షన్ 104 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉంది. కాపీ అని ముందే చెప్పి అమ్మితే నన్ను మోసం చేయనట్టు అవుతుందేమో కానీ, ఆ పేరు సంపాదించుకున్నవాళ్లది తీసుకున్నట్టే. ఫ్రాన్స్ బ్యాగుల కంపెనీ లూయీ విట్టాన్ వాళ్లు ఆ ఎల్‌వీ పూల డిజైను 1896లో తెచ్చిందే నకిలీలను ఆపడానికి. ఈ షాపులో ఒక గోడంతా అదే వేలాడుతోంది.

నాకెందుకింత పట్టింపు అంటే, మా పెద్దనాన్న కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. ఎక్కడో మర మీద చేసినదాన్ని వరంగల్ జంపఖానా అని చెప్పి సగం ధరకు అమ్ముతుంటే ఆయన అన్నం సహించక కూర్చున్న రోజులు చూశాను. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకు అనే చట్టబద్ధ గుర్తింపు వచ్చింది, అది ట్రేడ్‌మార్క్ లాంటిది కాదు, ఊరి పనితనం మొత్తానికి రక్షణ, అయినా నొప్పి మాత్రం ఒకటే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానన్నాక 1,800 వెనక్కి ఇచ్చాడు. మీరు ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు మీద బ్రాండు పేరు, మోడల్ రాయించుకోండి, రాయనంటే అక్కడే వదిలేయండి.

ఒకటి మాత్రం చెప్పాలి. అదే షాపులో కింది అరలో ఏ పేరూ లేని కాన్వాస్ బ్యాగులున్నాయి, 450కి. చెల్లెలికి అది తీసుకున్నాను, రెండు నెలలుగా రోజూ కాలేజీకి పుస్తకాలు, టిఫిన్ డబ్బా మోస్తోంది, ఒక్క కుట్టు ఊడలేదు. వాటి మీద మీ షాపు పేరే వేసుకోండన్నా అని చెప్పి వచ్చాను.