బొలెరోలో 10 మీటర్ల సెట్టు, ఎనిమిది నెలలు వాడాక

బండిలో పెట్టుకుని మాట్లాడే ఈ రేడియో సెట్టు బాగుంది, దాంతో పాటు అంటగట్టిన అయస్కాంతం యాంటెన్నా మాత్రం శుద్ధ దండగ. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సరుకు స్టిక్కరు మార్చి నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, ఒకరిని తిడితే మిగతావాళ్లది మంచిదేమో అనుకుని మీరు పోయి అదే కొంటారు.

చూడ్డానికి అచ్చం అమెరికా లారీల్లో పెట్టుకునే సీబీ (సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం మాట్లాడుకునే రేడియో) సెట్టులాగే ఉంటుంది. కారు స్టీరియో అంత డబ్బా, ముందు నాలుగు నాబులు, చుట్టలు తిరిగిన వైరుకి చేతి మైకు. కానీ ఇది సీబీ కాదు, 28 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ దాకా (తరంగం పొడవు దాదాపు 10 మీటర్లు, అందుకే ఆ పేరు) పనిచేసే హ్యామ్ సెట్టు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడేవాళ్లది; ఎస్‌ఎస్‌బీ అనే పద్ధతిలో గొంతు పంపితే 30 వాట్ల పైచిలుకు ఇస్తుంది. సీబీనే పెట్టుకోవచ్చు కదా, లైసెన్సు గొడవ ఉండదు అని చాలామంది అడిగారు. నిజమే, మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ మధ్య 5 వాట్ల లోపు అయితే లైసెన్సు అక్కర్లేదు. అయితే అక్కడ మనతో మాట్లాడేవాళ్లేరీ? అమెరికా లారీ డ్రైవర్లకు 19వ చానెల్ ఉంది, మన హైవే మీద డ్రైవర్లకు వాట్సాప్ గ్రూపు ఉంది. 11 మీటర్లలో, అంటే ఈ సీబీ చుట్టుపక్కలే, దూరదేశాలతో మాట్లాడే జనమంతా 27.555 దగ్గర పోగవుతారు, అది మనకిచ్చిన హద్దు బయట ఉంది. అమెరికాలోనే 2017 దాకా సీబీ మీద 250 కిలోమీటర్లు దాటి మాట్లాడకూడదని రూలు ఉండేది, ఎంతమంది పాటించారనేది వేరే సంగతి. ఇదంతా ఎందుకని పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని పక్కనే ఉన్న 10 మీటర్ల బ్యాండుకి వచ్చేశాను. లైసెన్సు లేనివాళ్లు మాత్రం ఈ సెట్టు జోలికి పోవద్దు, వాడకపోయినా ఇంట్లో పెట్టుకోవడమే తప్పు.

బిగింపు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నా డబ్బులు ఎక్కువగా తగలబడింది అక్కడే. సెట్టుతో వచ్చిన వైరు సిగరెట్ లైటర్ సాకెట్‌కి గుచ్చేది. గుచ్చాను. వినేటప్పుడు హాయిగా ఉంది, మైకు నొక్కి గట్టిగా మాట్లాడితే డిస్‌ప్లే లైటు మినుకుమినుకుమంటుంది. ఈ సెట్టు మాట్లాడేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, ఆ సన్నటి వైరులో వోల్టేజీ దారిలోనే పోతుంది. నెల్లూరు ఆటోనగర్‌లో బ్యాటరీ పని చేసే ఒకాయన దగ్గర బ్యాటరీ నుంచే నేరుగా మందపాటి వైరు లాగించి, ప్లస్సుకీ మైనస్సుకీ రెండిటికీ ఫ్యూజు వేయించాను. మైనస్సుకి ఫ్యూజు ఎందుకు సార్ అని ఆయన రెండుసార్లు అడిగాడు. బండికి ఎర్తు వైరు ఎప్పుడన్నా ఊడితే స్టార్టరు కరెంటు మొత్తం నా సెట్టు గుండా పోతుంది అని చెప్తే తల ఊపి, నాకే బిల్లులో ఇరవై రూపాయలు తగ్గించాడు.

ఇక ఆ యాంటెన్నా. అయస్కాంతం బేసు, దాని మీద తీగ చుట్ట, చుట్ట మీద నాలుగున్నర అడుగుల కడ్డీ. డబ్బా మీద 28 మెగాహెర్ట్జ్ అని ఉంది గానీ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా సెట్టుకి ఎంత కుదిరిందో చూపేది, ముల్లు 1కి దగ్గరుంటే మంచిది) పెట్టి చూస్తే అది 27కి చేసిన కడ్డీ అని తెలిసిపోయింది, 28లో పైకి పోయేకొద్దీ ముల్లు పెరుగుతూ 3 దగ్గరికి పోతోంది. ముల్లు పైకి పోయేకొద్దీ పెరిగితే కడ్డీ పొడవెక్కువ, కిందికి వచ్చేకొద్దీ పెరిగితే పొట్టి, ఇంతే లెక్క. కొంచెం కొంచెం కోసుకుంటూ 1.5కి తెచ్చాను. తొందరపడొద్దు, కోసిన కడ్డీ మళ్లీ అతకదు. సరే, మీటరు మంచిగా చూపిస్తోంది కదా అని నెలరోజులు తిరిగితే వినిపించేది తక్కువ, వినేవాళ్లు అంతకంటే తక్కువ. మీటరు బాగుందంటే యాంటెన్నా బాగుందని కాదు, ఈ ముక్క నాకు ఆలస్యంగా తలకెక్కింది. అయస్కాంతం అడుగున రంగు ఉంటుంది, రేకుకి సరైన కనెక్షను ఉండదు, దుమ్ము పడితే ఇంకా అన్యాయం. పైగా ఇనుప రజను చేరి నా బండి టాపు మీద ఒక గుండ్రటి గీత శాశ్వతంగా మిగిలింది. చివరికి ఇందుకూరుపేట దాటాక ఒక చింతకొమ్మ ఆ కడ్డీని పట్టుకుంది. వెనకసీట్లో మా బావమరిది, "బావా, నీ యాంటెన్నా రోడ్డు మీద పడిపోయింది" అన్నాడు. కేబులు పట్టుకుని లాక్కుంటూ వస్తోంది అది, వెనక ఆటోవాడు హారన్ మీద హారన్.

దాని బదులు పెట్టించింది ఇది: వెనక డోరు పక్కన బాడీకి ఎల్ ఆకారం ఇనుప పట్టీ, బోల్టు పడే చోట రంగు గీకేసి వట్టి ఇనుము తేల్చి, దాని మీద స్ప్రింగు, దాని మీద రెండున్నర మీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీ. 28.4 దగ్గర పావు తరంగం అంటే దాదాపు అంతే పొడవు, చుట్టలూ మాయలూ అక్కర్లేదు. ఈ కడ్డీలకు మర ముప్పావు కాదు, అరంగుళం కాదు, మూడెనిమిదో వంతు అంగుళం, అంగుళానికి 24 చుట్లు. లేతు షాపులో మామూలుగా చేతికొచ్చేది వేరే మర, అందుకని కడ్డీని వెంట తీసుకుపోయి చూపించండి. నాలుగొందలు తీసుకున్నాడు. బండి నడిపేటప్పుడు కడ్డీని విల్లులా వంచి ముందుకి నైలాన్ తాడుతో కడతాను, ఆపాక విప్పుతాను. నడుపుతూ మాట్లాడను, మీరూ మాట్లాడొద్దు.

ఇక సెట్టులో వినిపించే గోల సంగతి. నాది పాత డీజిల్ బండి, స్పార్కు ప్లగ్గులు లేవు కాబట్టి టకటక శబ్దం లేదు, ఆల్టర్నేటరు ఈల మాత్రం యాక్సిలరేటరు తొక్కేకొద్దీ పెరుగుతుంది. బ్యాటరీ వైరు మార్చాక చాలావరకు తగ్గింది. అసలు దొంగ ఇంకొకడు దొరికాడు, డ్యాష్‌బోర్డులో గుచ్చిన చవక మొబైలు చార్జరు. అది పీకగానే చెవిలో జోరీగ ఆగినట్టయింది. సముద్రం దగ్గర కరెంటు స్తంభాల పింగాణీల మీద ఉప్పు పేరుకుని తేమకి చిటచిటలాడుతుంటుంది, దానికి మన దగ్గర మందు లేదు, లైనుకి దూరంగా ఆపుకోవడమే.

ఇప్పుడు పనితనం. మైపాడు బీచిలో, తడి ఇసుక మొదలయ్యే చోట వెనక చక్రాలు పెట్టి ఆపాను. పొద్దున తొమ్మిదిన్నర దాటింది. నాబు తిప్పుతుంటే జపాను ఆయన ఒకరు గొంతు సన్నగా, కానీ శుభ్రంగా వస్తున్నాడు. మొదటి పిలుపు ఆయనకి అందలేదు. రెండోసారి నా కాల్‌సైన్‌లో (లైసెన్సుతో ఇచ్చే గుర్తు పేరు) సగమే అందింది, "అగైన్, అగైన్" అంటున్నాడు. మూడోసారి ఒక్కో అక్షరం విడదీసి చెప్తే మొత్తం తిరిగి చదివి 57 ఇచ్చాడు, అంటే మాట స్పష్టత 5కి 5, సిగ్నలు బలం 9కి 7. నేను 59 ఇచ్చాను. నలభై సెకన్లు ఉంటుందేమో, ఆయన ఇంకొకరిని పిలుచుకున్నాడు. పుస్తకంలో 0412 యూటీసీ (అంతర్జాతీయ టైము, మనకి 9.42) అని రాసుకుంటుంటే చెయ్యి కొంచెం వణికింది, నవ్వకండి. నెల్లూరు నుంచి టోక్యో వైపు ఆరువేల కిలోమీటర్ల పైమాటే. వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన వచ్చి కడ్డీని కింది నుంచి పై దాకా చూసి, "ఏంది సామీ ఇది, గాలపు కర్ర మాదిరుండాదే, ఏమన్నా పడిందా?" అన్నాడు. జపాను పడింది పెద్దాయనా అన్నాను. మా బోటులో సెట్టు ఒడ్డుకే సరిగ్గా వినపడదు అని గొణుక్కుంటూ పోయాడు.

అదే రోజు ఇండొనేషియా రెండు, సాయంత్రం యూరప్ వాళ్లు వినిపించారు గానీ తూర్పు వైపు వచ్చినంత బలంగా రాలేదు. కారణం సెట్టు కాదు, ఉప్పునీళ్లు. నిలువు కడ్డీ నుంచి బయల్దేరే సిగ్నలు పొలం మీద అయితే నేలలో చాలా ఇంకిపోతుంది, సముద్రం మీద అయితే దిగంతానికి దగ్గరగా, పల్చటి కోణంలో సాగిపోతుంది, దూరానికి కావలసింది అదే. మనకి సముద్రం తూర్పున ఉంది, యూరప్ వీపు వెనక ఉంది. కొత్తపట్నం బీచిలోనూ ఇదే అనుభవం. ఎత్తుకి పోతే బాగుంటుందేమోనని ఉదయగిరి కొండ పక్కన ఒక పూట పెట్టి చూశాను, కళ్లకి చాలా దూరం కనపడింది, చెవులకి మాత్రం మైపాడంత లేదు. ఒక్క పూట చూసి తీర్పు చెప్పకూడదులెండి.

సెట్టులో నచ్చనివి కూడా చెప్పాలి. ఎండలో డిస్‌ప్లే కనపడదు, చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఫ్యాను లేదు, మధ్యాహ్నం పదిహేను నిమిషాలు మాట్లాడితే వెనక ఫిన్‌ల (వేడి పోయే రేకులు) మీద చెయ్యి పెట్టలేం, వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ కొంచెం జరుగుతుంది. ఎకో అని ఒక నాబు ఉంది, బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది, ఎవరి కోసం పెట్టారో. మైకు వదలగానే కుయ్ మనే బీప్ మొదటిరోజే ఆపేయండి, మర్యాదగా ఉంటుంది. వినికిడి మాత్రం ఈ ధరకి చాలా బాగుంది, చిటపట గోలని అణిచే నాయిస్ బ్లాంకర్ నిజంగా పనిచేస్తుంది.

కొనే ముందు ఇంకొకటి చూసుకోండి. సూర్యుడు చురుగ్గా ఉంటేనే ఈ బ్యాండులో సిగ్నలు దూరం పోతుంది; 2019 డిసెంబరులో మొదలైన సౌర చక్రం (ఆ చురుకుదనం పెరిగి తగ్గే దాదాపు పదకొండేళ్ల వరస) గరిష్ఠ దశకి చేరిందని 2024 అక్టోబరులో నాసా వాళ్లు చెప్పారు. 30 వాట్లతో జపాను పలికిందంటే అందులో సూర్యుడి వాటా పెద్దది. కొన్నేళ్లకి అది చల్లబడితే ఈ బ్యాండు రోజుల తరబడి మూగబోతుంది, పొద్దుగూకితే ఎలాగూ మూతే. ఒకే బ్యాండు సెట్టు మీద డబ్బు పెట్టేవాళ్లు అది ఆలోచించుకోవాలి. వాట్సాప్ ఉండగా ఇదెందుకంటే తుఫాన్లప్పుడు పనికొస్తుందని అందరూ చెప్తారు, 2004 సునామీ అప్పుడు అండమాన్‌లో హ్యామ్‌లు చేసిన పని నిజంగానే గొప్పది కూడా. నేను మాత్రం సరదా కోసమే కొన్నాను, ఇంట్లో తుఫాను కథ చెప్పాను.

బీచి నుంచి వచ్చిన ప్రతిసారీ కడ్డీని, పట్టీని మంచినీళ్ల గుడ్డతో తుడిచి బోల్టుకి కాస్త గ్రీజు రాయండి, నేను రెండువారాలు బద్ధకిస్తే తుప్పు కనపడింది. ఆ అయస్కాంతం బేసు ఎవరికన్నా కావాలంటే ఊరికే ఇస్తాను, ప్రస్తుతానికి మా గ్యారేజీలో స్పానర్లు పట్టుకుని ఉంది. కేబులు మాత్రం కోసి వాడేసుకున్నాను.